ఒక్కో రొట్టె దిగేదాకా

రాత్రి ఎనిమిదింటికి మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కితే మనిషి కన్నా ముందు వాసన పలకరిస్తుంది. బిర్యానీ మసాలా, వేయించిన వెల్లుల్లి, వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ డబ్బా, అన్నీ కలిసి ముక్కులో కూర్చుంటాయి. తొమ్మిదో అంతస్తులో మా తలుపు ముందు కూడా మూడు సంచులు ఉంటాయి. కొడుకు రమేశ్‌కు బిర్యానీ, కోడలు సౌమ్యకు ఆకులూ గింజలూ కలిపిన డబ్బా, పదేళ్ల మనవరాలు అన్వితకు చీజ్ సాగేది ఏదో ఒకటి. ఎవరి సంచి వాళ్లు తీసుకుని ఎవరి గదిలోకి వాళ్లు వెళ్తారు. ఆరు కుర్చీల టేబుల్ దగ్గర నేను అన్నం, పచ్చిపులుసు పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చుంటాను.

పోయిన నెల దవాఖానలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, అన్విత కాలేయానికి కొవ్వు పట్టిందని చెప్పింది. ఇంట్లో వండింది పెట్టండి, అందరూ కలిసి కూర్చుని తినండి అంది. కొడుకూ కోడలూ బుద్ధిగా తలూపారు. తిరిగొచ్చే దారిలో, కార్లోనే, ఆ పూట తిండికి ఆర్డర్ పెట్టారు. నాకు ఒళ్లు మండింది. పక్కన కూర్చున్న పిల్ల చేయి పట్టుకుని కిటికీలోంచి బయటకు చూశాను. గచ్చిబౌలిలో ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న ఆ వరసలోనే ఎక్కడో మా జొన్న చేను ఉండేది.

నా చిన్నప్పుడు చలికాలం పొద్దుగూకే వేళకు చేలోంచి అందరూ ఇల్లు చేరేవాళ్లు. నాయన ఎడ్లకు మేత వేసి, కాళ్లు కడుక్కుని, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వచ్చేసరికి మా అవ్వ, అంటే నాయనమ్మ, పొయ్యి రాజేసి ఉండేది. కందికట్టె చిటపటమంటూ మండేది, పొగ కళ్లలోకి పోయేది, గోడ మీద మా నీడలు మాకంటే పెద్దగా ఊగేవి. అవ్వ ఉడుకు నీళ్లు పోసి జొన్నపిండి కలిపి, అరచేత్తో నలిచి నలిచి మెత్తగా చేసి, పీట మీద పొడిపిండి చల్లి ఒక్కొక్క ముద్దనూ తట్టేది. ఆ చప్పుడు వింటేనే మాకు ఆకలి రెండింతలయ్యేది. రొట్టెను పెంక మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు తుడిచి, కాలాక తిప్పి, చివరికి నిప్పుల మీద నిలబెడితే అది పొంగేది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రొట్టెలు చేసి దొంతర పెట్టడం లేదు. ఒక్కో రొట్టె దిగాలి, దిగినదాన్ని వేడిగా ఒకరు తినాలి. మొదటిది అందరికంటే చిన్నవాడైన తమ్ముడికి, తర్వాత నాకు, తర్వాత అక్కకు, అమ్మకు, నాయనకు. మళ్లీ తమ్ముడి దగ్గర మొదలు. చివరి రొట్టె అవ్వది. పుంటికూర పప్పో, పల్లికారమో, చేతిలో పగలగొట్టిన ఉల్లిగడ్డో నంజుకుని, చివర్లో ఉప్పేసిన చల్ల తాగేవాళ్లం. మన వంతు వచ్చేదాకా ఏం చేయాలి? పొడుపు కథలు విప్పేవాళ్లం, ఎవరి రొట్టె ఎక్కువ పొంగుతుందో పందెం వేసుకునేవాళ్లం, చేలో పిట్టలు ఎన్ని కంకులు తిన్నాయో నాయన చెప్తుంటే వినేవాళ్లం. నేను ఆగలేక పెంక మీదికి చేయి చాపితే అవ్వ ఆ చేతి మీద ఒకటి వేసేది.

"జర ఆగు బిడ్డా, కాలనియ్యి. నీ కడుపేమన్న సంచి సర్దుకొని పారిపోతదా?"

రొట్టె బాగా పొంగితే, "ఎవరో ఆకలితోని వస్తున్నరు" అని వాకిలి వైపు చూసేది. ఒక్కోసారి నిజంగానే ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. మూడోసారి వంతు వచ్చేసరికి కడుపు నిండినట్టు మాకే తెలిసేది. చాలు అని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఇంకొంచెం తిను అని బతిమాలనక్కర్లేదు.

అప్పట్లో ఆ రొట్టె విలువ నాకు తెలుసని చెప్తే అబద్ధమవుతుంది. మా ఊరి పటేలు గారి పిల్లలు రోజూ తెల్లన్నం తినేవాళ్లు. మాకు వరి అన్నం పండగనాడే. తొమ్మిదేళ్ల వయసులో ఒకరోజు నేను రొట్టె తోసేసి, తెల్లన్నం పెడితేనే తింటానని మూలకు కూర్చున్నాను. అవ్వ తిట్టలేదు.

"తినకు. ఆకలే నిన్ను తోల్కొస్తది నా కాడికి" అని తన పని తాను చూసుకుంది. మర్నాడు పొద్దుటికి తోలుకొచ్చింది.

కానీ ఆ తెల్లన్నం ఆశ నా లోపలే ఉండిపోయింది. పెళ్లయి నా సంసారం నాకు వచ్చాక మూడు పూటలా తెల్లన్నమే వండాను. పీట అటక ఎక్కించాను. రమేశ్ చిన్నప్పుడు ఎవరింట్లోనో తిని వచ్చి రొట్టె చేయమని అడిగితే, "మనమేమన్న గరీబోళ్లమా?" అని కసిరాను. పొద్దున్నే చాయ్‌లో బిస్కెట్లు ముంచి వాడి నోట్లో పెట్టి, నా కొడుకు ఎంత దర్జాగా పెరుగుతున్నాడో అని మురిసిపోయాను. ఇప్పుడు వాడి మీద కోపం వచ్చినప్పుడల్లా ఆ బిస్కెట్ గుర్తొచ్చి సగం కోపం నా మీదికే తిరుగుతుంది.

రెండేళ్ల కింద అన్విత నాకు అక్షరాలు నేర్పింది. అరవై దాటిన వేళ్లతో పలక మీద దిద్దాను. చదవడం వచ్చిన రోజు నేను చేసిన మొదటి పని వంటింట్లోకి వెళ్లి, ఈ పొట్లాల్లో ఏముందో చూద్దామని ఒక్కొక్కటే తిప్పడం. అన్నీ ఇంగ్లీషే. నా అక్షరం ఒక్కటీ లేదు. చేతిలో ఉన్న పొట్లం ఎక్కడ పడుతుందో చూడకుండా విసిరేశాను.

డాక్టరమ్మ మాట విన్నాక వచ్చిన ఆదివారం, ఈ పూట రొట్టె నేను చేస్తాను, అందరూ నా దగ్గరే తినాలి అని పట్టుబట్టాను. సౌమ్య ఆన్‌లైన్‌లో జొన్నపిండి తెప్పించింది. ఉడుకు నీళ్లు పోశాను, నలిచాను, తట్టాను. రొట్టె అంచులు చీలాయి. ఎత్తితే చేతిలోనే విరిగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ముగ్గురూ గట్టు దగ్గర నిలబడి చూస్తున్నారు. నా చేతులు పద్ధతి మర్చిపోయాయనుకుని కళ్ల వెంట నీళ్లొచ్చాయి.

"ఇగ వదిలెయ్ అమ్మా. గీ పరేషాన్ ఎందుకు? ఆర్డర్ పెడ్తా" అన్నాడు రమేశ్, అప్పటికే ఫోన్ తీస్తూ.

అన్విత పొట్లం తిప్పి చూసింది. "నానమ్మా, నువ్వు డేట్ చూడలే. ఇది పట్టించి ఐదు నెలలైంది."

ఐదు నెలలు! తిరగలిలో విసిరిన పిండి మూడు రోజులు దాటితే జిగురు పోయిందని అవ్వ బర్రె కుడితిలో కలిపేది. పిండికి వయసుంటుందని తెలిసిన ఇంట్లో పుట్టి, పొట్లం మీది అంకెలు చదవగలిగి కూడా చూడాలని నాకు తోచలేదు. కొట్టులోంచి వచ్చింది కొత్తదే అనుకున్నాను. విరిగిన ముక్కలన్నీ బెల్లం వేసి నలిపి, బతుకమ్మ పండక్కి చేసినట్టు మలీద ముద్దలు కట్టాను. అన్విత రెండు తింది. మిగతా ఇద్దరికీ సంచులు వచ్చాయి.

ఈ ఆదివారం కూకట్‌పల్లి మార్కెట్ దాకా వెళ్లి, జొన్నలు కొని, ఇంకా నడుస్తున్న ఒక పిండి గిర్నీలో నా కళ్ల ముందు పట్టించుకుని తెచ్చాను. మా వంటగట్టు నిలబడి వండేవాళ్ల కోసం కట్టింది, దాని చుట్టూ నలుగురు కూర్చోలేరు. అందుకని కరెంటు పొయ్యి బాల్కనీలో నేల మీద పెట్టి, చాప పరిచాను. మొదటి రొట్టె చీలకుండా దిగింది. అన్విత ఊదుకుంటూ తింటోంది. రెండోది రమేశ్‌ది. వాడు పళ్లెంలో పెట్టించుకుని, ఆఫీసు కాల్ అంటూ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

సౌమ్య వచ్చి చాప అంచున నిలబడింది. "అన్నీ ఒకేసారి చేసి హాట్‌ప్యాక్‌లో పెట్టేయండి అత్తయ్యగారూ. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు తింటారు. మీకూ శ్రమ తగ్గుతుందండి."

మంచిదే, నా నడుము గురించే అంది. అయినా కోపం ఆగలేదు. "పెట్టనమ్మా. తినేటోళ్లు వచ్చి కూసోవాలె" అన్నాను. తను ఒక్క క్షణం చూసి, ఏమనుకుందో, చాప మీద కూర్చుంది. ఫోన్ మాత్రం చేతిలోనే ఉంది.

మళ్లీ రమేశ్ వంతుకు వచ్చిన రొట్టె పూర్తిగా పొంగింది. ఎవరో ఆకలితో వస్తున్నారని అవ్వ అనేదని చెప్పాను. అన్విత లేచి వెళ్లి తండ్రి గది తలుపు కొట్టింది.

"డాడీ, రా! నీ రొట్టె పొంగింది."

"ఐదు నిమిషాలు" అని లోపల్నుంచి వినిపించింది.

అవ్వ పొయ్యి దగ్గర ఐదు నిమిషాలంటే ఒక రొట్టె. ఆ పొయ్యీ పోయింది, చేనూ పోయింది, వాకిలి వైపు చూసే అవ్వా పోయింది. పొంగిన రొట్టె పళ్లెంలో మెల్లగా అణిగిపోతోంది. నేను ఇంకో ముద్ద తీసుకుని తట్టడం మొదలుపెట్టాను. దాని తర్వాత ఇంకోటి. ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు.