విమానం వచ్చేముందు తాతయ్యకి చెప్పే పని

రేపల్లెలో మా ఇంటి మీదుగా కొంగలూ కాకులూ తప్ప మరేవీ ఎగిరేవి కావు. విమానమంటే నా చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి మబ్బుల పక్కన కనిపించే తెల్లటి చుక్క. పిల్లలమంతా వీధిలోకి పరిగెత్తి, అది కనుమరుగయ్యేదాకా చేతులు ఊపేవాళ్ళం. దానికి చప్పుడు ఉంటుందన్న సంగతే నాకు తెలియదు.

నాకు ఏడేళ్ళప్పుడు మా నాన్నకి మద్రాసులో ఒక కంపెనీలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అరవైల నడిమి రోజులవి. సామాన్లన్నీ మూటలు కట్టుకుని, తెనాలిలో రైలు మారి, బాపట్ల దాటాక అమ్మ విప్పిన పులిహోర తిని, తెల్లారేసరికి మద్రాసులో దిగాం. నాన్నకి వచ్చే జీతానికి ఊరి మధ్యలో ఇల్లు దొరకలేదు. మీనంబాకం విమానాశ్రయం దగ్గర రెండు గదుల పెంకుటిల్లు అద్దెకి తీసుకున్నాడు. గాలీ వెలుతురూ బాగున్నాయని అమ్మ సంతోషపడింది. అంత మంచి ఇల్లు అంత చవగ్గా ఎందుకు దొరికిందో మర్నాడు పొద్దున్నే తెలిసింది.

నేను పెరట్లో మొహం కడుక్కుంటున్నాను. ముందు కిటికీ రెక్కలు అదిరాయి. తర్వాత వంటింటి గూట్లో ఇత్తడి గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఆ వెనకే నెత్తిమీదికి వచ్చిపడిన మోతకి చెంబు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తి మంచం కిందకి దూరాను. అది విమానమే అని నాన్న ఎంత చెప్పినా నమ్మలేదు. నాకు తెలిసిన విమానం అది కాదు మరి.

వారం పది రోజుల్లో అమ్మా నాన్నా అలవాటు పడిపోయారు. విమానం వస్తే అమ్మ మాట మధ్యలో ఆగి, అది వెళ్ళాక ఆగినచోటి నుంచే అందుకునేది. ఉయ్యాల్లో మా తమ్ముడు కూడా కదిలేవాడు కాదు. నేనే అలవాటు పడలేకపోయాను. పెరట్లోకి వెళ్ళడం మానేశాను. బళ్ళో బల్ల కింద కూర్చుంటే తోటిపిల్లలు నవ్వేవాళ్ళు. అన్నం సహించేది కాదు. చిక్కి సగమయ్యాను. చివరికి నన్ను రేపల్లె పంపేసి, నాయనమ్మ దగ్గర ఉంచి చదివించడమే మంచిదని అమ్మా నాన్నా అనుకున్నారు. ఆ మాటలు నేను మంచం కింద నుంచే విన్నాను. ఆ చప్పుడు లేని ఊరు నాకు కావాలి, అమ్మా కావాలి. రెండూ ఒకచోట లేవు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తాతయ్యా నాయనమ్మా మద్రాసు వచ్చారు. తాతయ్యకి రెండు కళ్ళలోనూ పొరలు. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేయించి, ఆయన కోలుకున్నాక వాళ్ళతో నన్ను పంపించాలని అమ్మావాళ్ళ ఆలోచన. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, కంటి కట్టుతోనే ఇంటికి పంపారు. ఆ రోజుల్లో కంటి ఆపరేషనంటే ఇప్పటిలా కాదు. తల విదిలించకూడదు, వంగకూడదు, గట్టిగా దగ్గకూడదు. ఉలిక్కిపడితే కుట్లు కదులుతాయని డాక్టరుగారు మరీ మరీ చెప్పారట. రెండో కంటితో ఆయనకి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నా గురించి అమ్మ అప్పటికే అంతా చెప్పి ఉంటుంది. ఆయన మాత్రం ఆ ఊసే ఎత్తలేదు.

"తల్లీ, ఆ మోత ఉన్నట్టుండి వచ్చి పడుతుంటే నాకు గుండె ఝల్లుమంటోందే. ఉలిక్కిపడ్డానంటే ఈ కన్ను పోతుంది. నాకా చూపు లేదు. నువ్వు కాస్త కనిపెట్టి, అది వచ్చేముందు నాకు చెప్పగలవా?"

మా తాతయ్య భయపడతాడని నేను ఏనాడూ అనుకోలేదు. చేలో తాచుపాము కనిపిస్తే కర్రతో పక్కకి తోలేసే మనిషి. అలాంటివాడు నా చెయ్యి పట్టుకుని అడుగుతుంటే కాదనలేకపోయాను. అయితే విమానం వచ్చేది ముందుగా తెలియాలంటే ఇంట్లో ఉంటే కుదరదు. పెరట్లో నిలబడి, దూరాన తాళ్ళతోపు పైన ఆకాశం చూస్తూ ఉండాలి.

మొదటిసారి తలుపు పట్టుకునే నిలబడ్డాను. తోపు మీద నల్లగా ఒక గీత కనిపించగానే లోపలికి పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇల్లంతా అదిరింది. ఆయన కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వెళ్ళిందా?" అన్నాడు.

వెళ్ళిందన్నాను. నువ్వు ముందే చెప్పబట్టి నాకేమీ కాలేదన్నాడు. ఆ పూట నేను అన్నం రెండోసారి పెట్టించుకున్నానని అమ్మ తర్వాత చాలా ఏళ్ళు చెప్పేది.

మర్నాటి నుంచి ఆయన అడగడం మొదలుపెట్టాడు. అది ఎంత ఉంటుంది, రంగేమిటి, రెక్కలకి పంకాలు తిరుగుతున్నాయా లేదా అని. నాకు తెలిస్తేగా చెప్పడానికి. చూడాలంటే ఇంకాసేపు బయట ఉండాలి. ఒకరోజు, "మన చేలో కొంగ వాలేముందు కాళ్ళు చాపుతుంది చూడు, ఇదీ అలాగే చాపుతుందా?" అన్నాడు. ఆ సంగతి తేల్చడానికి నేను తలుపు వదిలి పెరటి మధ్యలోకి వెళ్ళాను. తాతయ్యకి ముందే చెప్పేసి, మళ్ళీ బయటికొచ్చి, తలెత్తి చూశాను. నిజంగానే దాని పొట్ట కింద చక్రాలు చాపి ఉన్నాయి. వరసగా చిన్న చిన్న కిటికీలు. మోత నా పక్కటెముకల్లోకి దిగింది కానీ చూడటంలో పడి కాళ్ళు పరిగెత్తడం మరిచిపోయాయి. కొంగలాగే చాపిందని చెబితే ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

ఒకరోజు అమ్మ తమ్ముడికి నీళ్ళు పోస్తూ నన్ను సాయానికి పిలిచింది. ఆ సందడిలో విమానం రానే వచ్చింది. నా ప్రాణం పోయినంత పనయ్యింది. చేతులకి సబ్బుతోనే తాతయ్య గదిలోకి పరిగెత్తాను. ఇల్లంతా అదిరిపోతుంటే ఆయన గుర్రుపెట్టి హాయిగా నిద్రపోతున్నాడు. పక్కన నాయనమ్మ విసనకర్రతో విసురుతోంది.

నేను ఆయన్నీ నాయనమ్మనీ మార్చి మార్చి చూశాను. నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, నా చేతుల సబ్బు తన కొంగుతో తుడిచింది.

"కోతల రోజుల్లో బియ్యం మిల్లులో ఇంజను పక్కనే బస్తాల మీద పడి నిద్రపోయిన మనిషే మీ తాతయ్య. ఈ చప్పుడు ఆయన్నేం చేస్తుందే?" అంది మెల్లగా.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం రాలేదు. ఏదో తెలియని సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. సాయంత్రం మళ్ళీ పెరట్లో నిలబడ్డాను. మళ్ళీ పరిగెత్తుకెళ్ళి వస్తోందని చెప్పాను. ఆయన ఎప్పటిలాగే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాకు తెలిసిపోయిందని నేను చెప్పలేదు. నాయనమ్మా చెప్పినట్టు లేదు. ఆయన కట్టు విప్పేదాకా, ఇంట్లో ఉన్నంతసేపూ ఒక్క విమానాన్ని కూడా చెప్పకుండా పోనివ్వలేదు నేను.

కట్టు విప్పి, సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టాక ఆయన నా వెంట పెరట్లోకి వచ్చాడు. ఇద్దరం తోపు కేసి చూస్తూ నిలబడ్డాం. రెక్కలు చాచుకుని, వాలే ఎండలో మెరుస్తూ అది మా మీదుగా దిగింది. అంత దగ్గరగా విమానాన్ని చూడటం ఆయనకి జన్మలో అదే మొదలు. ఆయన వేళ్ళు నా వేళ్ళని పట్టుకున్న తీరు ఆ రోజు వేరు. అన్ని రోజులూ పట్టుకున్నది నా కోసం, ఆ రోజు మాత్రం తన కోసం. అది కనుమరుగయ్యేదాకా తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

"నువ్వు చెప్పినదానికంటే పెద్దదే తల్లీ. ఇన్నాళ్ళూ దీన్ని ఒక్కదానివే చూశావా?" అన్నాడు.

వాళ్ళిద్దరూ రేపల్లె వెళ్ళిపోయారు. నేను అమ్మ దగ్గరే ఉండిపోయాను. నాన్నకి గుంటూరులో పని దొరికి మేం వెనక్కి వచ్చేదాకా ఆ పెంకుటింట్లోనే ఉన్నాం. మా బళ్ళోకి కొత్తగా వచ్చిన పిల్లలకి విమానాల రకాలు నేనే చెప్పేదాన్ని.

పెద్దయ్యాక బాపట్లలో చాలా ఏళ్ళు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాను. మొదటిరోజు తల్లి కొంగు వదలని పిల్లలు ఏటా ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. నేను వాళ్ళని బుజ్జగించేదాన్ని కాదు. సుద్దముక్కల డబ్బా చేతికిచ్చి, నాకు చెయ్యి నొప్పిగా ఉంది, లోపలిదాకా పట్టుకొస్తావా అని అడిగేదాన్ని. చాలామంది కళ్ళు తుడుచుకుని నా వెంట వచ్చేవాళ్ళు. మా ఆయన గుండె ఆపరేషనుకి గుంటూరు ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఏడేళ్ళనాటి భయమే మళ్ళీ వచ్చింది. పక్కబల్ల మీద ఎవరో ముసలమ్మ ఒంటరిగా కూర్చుని ఉంది. లేచి వెళ్ళి ఆమెకి మంచినీళ్ళు తెచ్చిపెట్టాను. భయం కాస్త తగ్గింది.

భయపడొద్దని చెప్పడం తేలిక. మా తాతయ్య ఆ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు. తనకి లేని భయాన్ని నా కోసం తెచ్చిపెట్టుకుని, ఏడేళ్ళ పిల్ల చెయ్యి ఊతంగా పట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన వయసు నాకూ వచ్చింది. ఎవరైనా నా చెయ్యి పట్టుకుంటే, వాళ్ళకి ధైర్యం ఇస్తున్నానో, వాళ్ళ దగ్గర తీసుకుంటున్నానో నాకు ఇప్పటికీ తేలదు.