ఒకే ఒక్క మైక్రోస్కోపు

మా వదినకి తలుపు తట్టడం రాదు. వేరే దేశం నుంచి మా పరిశోధనశాలకి ఉద్యోగానికొచ్చి, మా అన్నయ్యని పెళ్లి చేసుకుని, ఇంట్లోనూ ఆఫీసులోనూ నా నెత్తినెక్కి కూర్చున్న మనిషి. మావి పక్కపక్క గదులు. మొక్కల వేళ్లని కుళ్లబెట్టే బూజు మీద ఆవిడ పని, మట్టిలో ఉండే నులిపురుగుల మీద నాది.

"నీ గదిలో మైక్రోస్కోపు లేదా వదినా?" అంటే, "ఉంది. పక్కన మనిషే లేడు!" అనేది. వాళ్ల దగ్గర పదిమందికీ ఒకటే మైక్రోస్కోపట. వరుసలో నిలబడేవాళ్లట. వెనకున్నవాళ్లు ముందువాళ్ల స్లైడు చూడకుండా ఉంటారా, చూసి ఊరుకుంటారా? మా దగ్గర మనిషికొకటి. తలుపేసుకుంటే ఎవరి గోల వాళ్లది. నాకదే హాయి.

మూడేళ్లయినా ఆ కుళ్లు సంగతి వదినకి అంతు చిక్కలేదు. "ఈ ఏడాదిలో ఏదో ఒకటి తేలకపోతే ఉద్యోగం పొడిగించలేనమ్మా" అనేశారు డైరెక్టరుగారు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే అనుమతీ పోతుంది. పెళ్లి కాగితం దానికి చాలదట. అన్నయ్య అట్టపెట్టెలు తెచ్చి హాల్లో పేర్చాడు, ఆవిడతో తనూ వెళ్లడానికి. వాటిని చూస్తే నాకు అన్నం సహించలేదు.

మర్నాడు వదిన మామూలుగానే నా గదిలోకి దూరి, నా స్లైడు తీసేసి తనది పెట్టింది. రోజూ గాజు పళ్లెంలో పెంచిన బూజు తెచ్చేది. ఎలాగూ వెళ్లిపోయేదాన్నే కదా అనుకుందేమో, ఆ రోజు పొలంలో పీకిన వేరు ముక్కే తెచ్చింది.

"ఇదేమన్నా సత్రమా వదినా?"

"చూసి తిట్టు."

చూశాను. బూజు పోగుల మధ్య సన్నటి కన్నం. ఆ కన్నం తెలిసినంత బాగా అద్దంలో నా ముఖం కూడా నాకు తెలీదు.

"ఇది నా పురుగు పని. ముందు అది తొలుస్తోంది, ఆ దారినే నీ బూజు లోపలికి పోతోంది."

వదిన కుర్చీలో కూలబడింది. "తలుపు తీసినవాణ్ణి వదిలేసి, దూరినవాణ్ణి పట్టుకున్నానన్నమాట!" అని ఏడుస్తూనే నవ్వింది.

పురుగు లేని మట్టిలో మొక్కలు పెంచి, బూజు తగిలించి చూశాం. వేళ్లు తెల్లగా నిలిచాయి. డైరెక్టరుగారు వదిన ఉద్యోగం పొడిగిస్తూ సంతకం పెట్టారు. వదిన చెప్పాక వాళ్ల దేశంలోనూ వెతికారు, అక్కడి పొలాల్లోనూ అదే కన్నం. అక్కడ బూజు తెలిసినవాళ్లు బోలెడుమంది, పురుగు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. నన్ను ఏడాదిపాటు రమ్మన్నారు.

భయంగా ఉంది. సంతోషంగానూ ఉంది. అన్నయ్య తెచ్చిన అట్టపెట్టెల్లో ఒకదాంట్లో నా మైక్రోస్కోపు సర్దుతూ, "ఇక మీ వాళ్లకి రెండవుతాయి" అన్నాను గొప్పగా.

వదిన పెట్టె మూత పట్టుకుని, "రెండూ ఒకే బల్ల మీద పెట్టు" అంది.