ముప్పయ్యేడో వరుస

పార్థసారథి గారికి అనుమానం జబ్బు కాదు, ఉద్యోగం. హైటెక్ సిటీలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజరు. మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన పని. తప్పు చిన్నదైతే 'రిలీజ్‌కి అడ్డు కాదు' అని రాసి, ప్రోగ్రాము బయటికి వెళ్లడానికి సంతకం పెట్టేయవచ్చు. పదహారేళ్లలో ఆయన ఆ మాట ఒక్కసారీ రాయలేదు. ఆయనతో పనిచేస్తూ, ఖర్మకొద్దీ కొండాపూర్‌లో ఆయన ఉండే అపార్ట్‌మెంట్‌లోనే కిరాయికి ఉంటున్నాను కనుక నాకీ సంగతి బాగా తెలుసు.

అలాంటి మనిషిని కూతురు హర్షిణి హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి పంపమని అడిగింది. కాలేజీ క్లబ్బు తీసుకెళ్తోంది. ఆరు రోజులు, పన్నెండున్నర వేల అడుగుల ఎత్తు. సోమవారంలోగా తండ్రి సంతకంతో ఫారం ఇవ్వాలి.

"మోడరేట్ ట్రెక్కే నాన్నా, మరీ కష్టం కాదు."

"ఎవరికి మోడరేటు? ఆ కొండల్లో పుట్టినవాళ్లకా, లిఫ్ట్ ఆగితే కింద సోఫాలో కూర్చునే మనకా?"

ఆ రోజే కంప్యూటర్‌లో షీటు తెరిచారు. నలభై ఒక్క ప్రమాదాలు, వరుసకొకటి. గైడుకి ప్రథమ చికిత్స వచ్చా, ఆక్సిజన్ సిలిండర్ ఉందా, ఆసుపత్రికి ఎన్ని గంటలని ట్రెక్ నడిపేవాళ్లను ఫోన్‌లో నలభై నిమిషాలు నమిలేశారు. నవ్వుకున్నాను గానీ, అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు కొని ముందుగా భార్య జయంతి గారి వేలికి తగిలించారు. ఎనభై ఆరు చూపించింది. ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కారు తాళాలు వెతుకుతుంటే, "అది గోళ్ల రంగండీ, తుడిచి చూడండి" అన్నారావిడ.

ఒక్కో వరుసా మూతపడింది, ముప్పయ్యేడు తప్ప. 'ఎత్తులో తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే కిందికి దిగాలి. మొండిపిల్ల. దిగుతుందా?'

"దీనికి టెస్టు లేదయ్యా," అన్నారు నాతో. మనిషి నిజంగానే భయపడుతున్నాడు. నాకు జాలేసింది.

ఆదివారం పొద్దున మెట్ల పరీక్ష. పద్నాలుగు అంతస్తులు, వీపున ఎనిమిది కిలోల బియ్యం, ఎక్కడానికి ఆరు నిమిషాలు. పరీక్ష పెట్టేవాడు పక్కన లేకపోతే ఎలాగని ఆయన కూడా ఓ బియ్యం సంచీ తగిలించుకున్నారు. టైము చూస్తూ వెంట ఎక్కడానికి నేను దొరికాను.

హర్షిణి చకచకా ఎక్కిపోయింది. ఆయన తొమ్మిదో అంతస్తులో గోడ పట్టుకున్నారు. అక్కడ మెట్లూడుస్తున్న సత్తెమ్మ చీపురు ఆపింది.

"ఏంది సార్, లిఫ్ట్ ఖరాబైందా? గా బియ్యం మోసుడేంది?"

"హిమాలయాలకమ్మా..."

"హిమాలయాలు తర్వాత. జర కూసోండ్రి. మొఖం తెల్లగైంది."

నేను పైకి కేకేశాను. హర్షిణి అప్పటికే పదమూడో అంతస్తులో ఉంది, ఇంకొక్కటి ఎక్కితే గెలిచినట్టే, ఇంకా నలభై సెకన్లున్నాయి. అయినా గబగబా దిగొచ్చింది.

"నువ్వెందుకు దిగావు? వెళ్లు, టైము పోతోంది!" అన్నారు ఈయన రొప్పుతూ.

"కళ్లు తిరుగుతున్నాయా నాన్నా?"

"కొంచెం. ఐదు అంతస్తులేగా, ఎక్కేస్తాను."

"వద్దు. లిఫ్ట్‌లో ఇంటికెళ్దాం. మెట్లెక్కడికీ పోవు, రేపూ ఉంటాయి."

"అది కాదమ్మా, ఇంత దూరం వచ్చాక..."

ఆ పిల్ల ఆయన సంచీ తీసి తన రెండో భుజానికి వేసుకుని లిఫ్ట్ బటన్ నొక్కింది.

"బిడ్డ చెప్పినట్టు ఇనుండ్రి సార్," అంది సత్తెమ్మ. "మొండితనం మీదే."

నేనూ వాళ్లతోపాటే వెళ్లాను. ఆయన ఇంటికెళ్లి మజ్జిగ తాగి, కాసేపు పడుకుని లేచి, షీటు తెరిచారు. ముప్పయ్యేడో వరుసలో 'హర్షిణి: పాస్. పార్థసారథి: ఫెయిల్' అని రాశారు. ఫారం మీద సంతకం పెట్టారు.

ఆయన కళ్లు తుడుచుకుంటుంటే షీటు వైపు చూశాను. అడుగున కొత్త వరుస చేరింది, నలభై రెండోది.

'నాన్నకి భయం. తీవ్రత: చాలా ఎక్కువ. పరిష్కారం: లేదు. రిలీజ్‌కి అడ్డు కాదు.'