ట్రాక్టరు దిగే దారి

మా ఊళ్లో బయటికి పోవడమంటే పెళ్లికో, చావుకో, జాతరకో, ఆస్పత్రికో పోవడం. ఊరికే చూసి రావడానికి పోవడమనే అలవాటు మా ఇంటికి ఆశా తెచ్చింది. ఆశా నా భార్య. వల్లూరు సోలారు పార్కులో ప్యానెళ్లు కడిగే పని చేసేది. వారమంతా నీళ్ల ట్యాంకరు వెనక నడిచి, పొడుగు కర్రతో దుమ్ము తుడిచి, ఆదివారం వస్తే పిల్లలకు జడలు వేసి నా వైపు చూసేది.

"యాడికి?" అనేవాణ్ని.

"మనం ఎప్పుడూ పోని తావుకు."

అట్లా పావగడ కోట ఎక్కించింది. రైలు చూపించడానికి పెనుకొండ దాకా తీసుకుపోయింది. ఎక్కలేదు. రెండు రైళ్లు పోయేదాకా నిలబడి చూసి వచ్చేశాం. మా నాయన కాటప్ప గొర్రెలు కాసి బతికినవాడు. ఆయనకు నడకంటే మేత కోసమే. "ఎక్కకుండానే వచ్చినారా? అయితే ఆ రైలే మిమ్మల్ని చూసిపోయిందిలే," అన్నాడు.

రెండువేల ఇరవై రెండులో వానలు బాగా పడి, నాగలమడిక దగ్గర ఉత్తర పినాకినికి నీళ్లొచ్చాయి. నా ఎరుకలో ఆ ఏట్లో నీళ్లు పారింది లేదు. మాకు ఏరంటే ఇసుక. చిన్నప్పుడు నాయన గొర్రెలతో అడ్డంగా నడిచి అవతలికి పోయిన దారి అది. ఆ ఆదివారం నలుగురం బండి మీద పోయాం. పెద్దది అక్షతకు ఆరేండ్లు, చిన్నది శిల్పశ్రీకి మూడు. డబ్బాలో చిత్రాన్నం కట్టుకున్నాం.

గట్టంతా జనం. ఆడవాళ్లు చేటల్లో పసుపు, కుంకుమ, గాజులు, టెంకాయ పెట్టి ఏటికి వాయనంగా బాగిన వదులుతున్నారు. కొందరు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లు ఒక్కరూ ఉండరు. మా పక్క ఎవరు ఎక్కడ నేర్చుకుంటారు?

నేను ప్యాంటు పైకి మడిచి అక్షత చెయ్యి పట్టుకున్నాను.

"గట్టు మింద నుంచే చూద్దాం మామా," అంది ఆశా.

"నువ్వు రైలుకాడా అట్లే అంటివి, చూసి పోదామని. ఈ ఏట్లో గొర్రెలెనక నడిచినోణ్ని. కండ్లు మూసుకోని దాటతా."

ఆమె శిల్పశ్రీని చంకనేసుకుని అవతలి గట్టు మీది తుమ్మచెట్టు వైపే చూస్తూ నిలబడింది.

నీళ్లు ముందు పాదాలు దాటాయి, తర్వాత మోకాళ్లు. అడుగున ఇసుక గట్టిగానే ఉంది. నాకు ధైర్యం వచ్చింది. అక్షతకు నడుము దాకా వచ్చాయి. అది నవ్వుతోంది.

"మామా, ఆడే నిలబడు. ఇంకొక అడుగు వెయ్యద్దు."

ఆశా గొంతు మారింది. నేను వెనక్కి తిరిగాను. అదే నిమిషంలో ఎవరో వదిలిన బాగినలోంచి ఒక చామంతి కొట్టుకొచ్చింది. అక్షత నా చెయ్యి విడిపించుకుని దానికోసం ఒక్క అడుగు వేసింది.

అంతే, పిల్ల లేదు.

కేక కూడా లేదు. అక్కడ నీళ్లు మామూలుగానే పారుతున్నాయి. నేను ముందుకు కాలు పెట్టాను. కింద ఏమీ తగల్లేదు. పడబోయి వెనక్కి కూలబడ్డాను.

"కదలద్దు. నువ్వూ పడితే ఇద్దర్ని తియ్యలేను," అంది ఆశా.

శిల్పశ్రీని పక్కనున్న మా ఊరి హొన్నూరమ్మ చేతుల్లో పడేసి ఆమె పరిగెత్తింది. పిల్ల మునిగిన వైపు కాదు. గట్టెంబడి దిగువకు, ఇరవై అడుగులు. భయానికి మతి పోయిందనుకున్నాను. పేరు పెట్టి అరిచాను. ఆమె తల తిప్పలేదు. తుమ్మచెట్టుకు నేరుగా వచ్చాక ఏట్లోకి దిగి, అటువైపు నుంచి మా మీదికి నడిచింది. కాలితో తడుముకుంటూ, తొందరపడకుండా. నడుము దాకా మునిగింది. చంకల దాకా. మెడ దాకా. అక్కడే ఆగి, గడ్డం పైకెత్తి రెండు చేతులూ నీళ్లలో చాచింది. 

చేతికి జడ తగిలింది. లాగింది.

వచ్చిన దారినే వెనక్కి నడిచి పిల్లను గట్టు మీద బోర్లా వేసి వీపు రుద్దింది. అక్షత కక్కింది. మళ్లీ కక్కింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నేను గట్టెక్కాను.

"పిల్లోళ్లను ఏట్లోకి తోలుకోనొచ్చేదేందప్పా, ఇదేమన్నా సినిమానా?" అంది హొన్నూరమ్మ. తన మనవడు మోకాళ్ల దాకా నీళ్లలోనే ఉన్నాడు. ఆ మాట అన్నాకే చూసుకుని వాణ్ని రెక్క పట్టి లాగింది.

జనం తగ్గాక ఆశా చెప్పింది. పెళ్లయిన కొత్తలో నేను మూడేండ్లు బెంగళూరులో వాచ్‌మన్‌గా ఉన్నాను. అప్పుడు కూలికి పోతున్నానని ఫోన్లో చెప్పేది. ఏం కూలి అని నేను అడగలేదు. తిరిగొచ్చాక నేను వంతెన మీద పోవడమే తప్ప ఏట్లోకి దిగిందీ లేదు.

"ట్రాక్టర్లకు ఇసుక ఎత్తినా మామా. ఆ గుంత తవ్వినోళ్లల్లో నేనూ ఉండాను. మూడు పక్కలా గోడ మాదిరి ఉంటాది. ట్రాక్టరు దిగను ఒక్క పక్క వాలు పెట్టిండ్రి, తుమ్మచెట్టుకు నేరుగా."

"ముందే చెప్పల్ల గదా?"

"పూడిపోయింటాదనుకుంటి. అంతమందిలో నేనే తవ్వినానని యెట్ల చెప్పేది?"

 చెయ్యి వదిలింది నేను.

"చాలు మీ తిరుగుడు," అన్నాడు మా నాయన. రెండు ఆదివారాలు ఎవరమూ కదల్లేదు. అక్షత బిందె దగ్గరికి కూడా పోయేది కాదు, చెంబుతో పోస్తే వణికేది. మూడో ఆదివారం ఆశా మళ్లీ జడలు వేసింది. ఆ రోజు ఎక్కడికో కాదు, ఏటికే. నీళ్లు తగ్గాయి. నలుగురం గట్టు మీద కూర్చుని చిత్రాన్నం తిన్నాం. ఆమె ఒక్కతే దిగి గుంత నాలుగు మూలలా కంపకట్టెలు నాటి, చివర్లకు తన పాత ఎర్ర చీర పీలికలు కట్టి వచ్చింది. ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని నేను భయపడ్డాను. ఆమె భయపడలేదు.

పోయిన ఏడు కామెర్లొచ్చి ఆశా పోయింది. పదకొండు రోజులే మంచాన ఉంది.

మొన్న ఎండాకాలంలో పిల్లలిద్దర్నీ బండి మీద అక్కడికి తీసుకుపోయాను. ఏరు మళ్లీ ఇసుక. గుంత కొంత పూడింది. ఒక కట్టె మాత్రం మిగిలింది, పీలిక రంగు పోయి తెల్లబడింది. అక్షత అంచున నిలబడి లోపలికి చూసింది. నేను దాని చెయ్యి వదల్లేదు.

"నాయనా, యాడ్నుంచి దిగల్ల?"

తుమ్మచెట్టు చూపించాను. పిల్ల మెల్లగా చెయ్యి విడిపించుకుని, చుట్టూ తిరిగిపోయి, వాలు మీదుగా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగింది. అడుగుకు పోయి గోడకు ఆనుకుని నిలబడింది. దాని తల నా పాదాల కంటే కిందనే ఉంది.

"అమ్మకు నీళ్లు యాడిదాకా వచ్చినాయి?"

నేనూ తిరిగిపోయి అదే దారిన దిగాను. ఆశా నా భుజం దాకా ఉండేది. ఇసుక గోడ మీద ఆ ఎత్తుకు కొంచెం కింద, ఆమె మెడ ఉండే చోట, వేలితో గీత గీశాను. అక్షత గీత కింద నిలబడి తల మీద చెయ్యి పెట్టి చూసుకుంది. గీతకు ఇంకా రెండు వేళ్లు తక్కువ.