వెరావల్‌కు ఒక్క పూట

మొన్నామధ్య మా కోడలు అరుగు మీద కూర్చుని ఫోన్‌లో చూసుకుంటూ, భోగాపురంలో పొద్దున్నే విమానమెక్కితే, మధ్యలో హైదరాబాదులో మారినా మధ్యాహ్నానికి రాజ్‌కోట్‌లో దిగిపోవచ్చని, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుంటే రాత్రి భోజనాల వేళకు వెరావల్‌లో ఉండొచ్చని నాకు లెక్క చెప్పింది. నా కొడుకు అక్కడ ఒక బోటుకు తండేలు, అంటే దాన్ని నడిపించే పెద్ద. బోటు ఒడ్డున ఉండేది నాలుగు రోజులేనట. "ఎల్లొచ్చేత్తాను అత్తా" అంది, శ్రీకూర్మం వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా. ఎల్లమన్నాను గానీ కడుపు భగ్గుమంది. కోడలి మీద అసూయేమిటని పిల్లలు నవ్వుతారేమో గానీ, మొగుళ్ళను గుజరాత్ బోట్ల మీదికి పంపిన నా ఈడు ఆడవాళ్ళు మాత్రం నవ్వరు.

మా ఆయన వానల్లో వెళ్ళాడంటే మళ్ళీ ఎండలు ముదిరాకే రావడం. పెళ్ళైన రెండో ఏడు ఆయన వెళ్ళాక ఈ కొడుకు పుట్టాడు. ఇంజను చెడి బోటు ఒడ్డున పడి ఉందని వెరావల్ నుంచి వచ్చిన మా బావ చెప్పగానే, బిడ్డను తండ్రికి చూపించాలన్న ఆత్రంలో ముందూ వెనకా చూడకుండా, చంకలో పిల్లాడూ చేతిలో ఎండుచేపల మూటా, తోడుగా మా నాన్నా, రైలు మీద రైలు మారుతూ వెళ్ళాం. ఆ కబురు మా దాకా రావడానికే రోజులు పట్టాయని, మేం వెళ్ళడానికి మరిన్ని పడతాయని, ఇంజను మా కోసం చెడిపోయి కూర్చోదని ఒక్కరికీ తట్టలేదు. "నిన్ననే ఎల్లిపోనాదమ్మా బోటు, ఇప్పట్లో రాదు" అన్నారు రేవులో మన వైపు వాళ్ళు. ఆయన ఉండే గదిలో దండెం మీద ఆయన లుంగీ ఆరుతోంది. దాన్ని చూపించి, వీడికి మీ నాన్న అని చెప్పలేను కదా. మర్నాడే తిరుగు రైలెక్కాం. ఎండాకాలంలో ఆయన వచ్చేసరికి వీడు నడుస్తున్నాడు, తండ్రిని చూసి నా చీర వెనక దాక్కుని ఏడ్చాడు.

కోడలు వెళ్ళింది, మొగుణ్ణి చూసుకుంది, వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఫోన్‌లో ఒకటే పోట్లాట, అక్కడ వీడు సరిగ్గా తినడం లేదని ఆవిడ, నీకెందుకని వీడు. వాళ్ళ అరుపులు వింటుంటే విమానమెక్కినందుకన్నా ఎక్కువ కుళ్ళు పుడుతోంది నాకు.

మా ఆయన వేట మానేసి ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు. అన్నం పెట్టనా అంటాను, పెట్టమంటాడు, ఆ తర్వాత ఇద్దరికీ మాట తోచదు. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడితో ఒక్కనాడూ మాటామాటా అనుకోలేదని ఊళ్ళో నాకు మంచి పేరు. పోట్లాడుకోవడానికైనా ఇద్దరూ కొన్నాళ్ళు ఒకచోట ఉండాలి కదా.