చిన్నరాజు గుర్రం దిగిన తర్వాత

మా ఇంట్లో ఒకప్పుడు రాగిరేకులు ఉండేవట. మాది కథలు చెప్పుకుని బతికే కులం. ఏ కాలపు రాజో మా పెద్దలకు వాటిని ఇచ్చాడనీ, చిన్నరాజు కథంతా మొదలు నుంచి చివరి దాకా వాటి మీద చెక్కి ఉండేదనీ తాత చెప్పేవాడు. కృష్ణ వరదలో అవి కొట్టుకుపోయాయని కూడా ఆయనే చెప్పేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా మా అవ్వ పొయ్యి దగ్గర నుంచే అందుకునేది.

"యాడి వరద? కరువుల మీ తాతల తాత కంచరోనికి ఇచ్చి జొన్నలు తెచ్చుకున్నడు. ఎవరింట్ల చెంబయిందో ఏమో!"

తాత తనకేమీ వినబడనట్టు తంబూర తీగ బిగించుకునేవాడు. నేను అవ్వనే నమ్మేదాన్ని. మా వంశాన్ని వరదల కంటే ఆకలే ఎక్కువసార్లు ముంచింది.

రేకులు పోయాక కథ నోళ్ళలో మిగిలింది. కృష్ణ అడుగున నీడలు లేని మనుషుల పట్నం ఒకటి ఉంటుంది. అక్కడ చెరలో ఉన్న అక్క కోసం చిన్నరాజు తన నీడను ఇచ్చేస్తాడు. ఆమెను రెక్కల గుర్రం మీద ఎక్కించుకుని ఏడు వాకిళ్ళు దాటి ఒడ్డుకు వస్తాడు. ఒడ్డున గుర్రం దిగుతాడు. అంతే, కథ అక్కడ ఆగిపోతుంది. "చిన్నరాజు గుర్రం దిగిండు, మీ ఇల్లు సల్లగుండ" అని తాత తంబూర పక్కన పెట్టేసేవాడు.

దిగినవాణ్ని చంపారని అందరికీ తెలుసు. ఎవరు చంపారో, ఎక్కడ పూడ్చారో మాత్రం మావాళ్ళు పైకి చెప్పరు. కోడేరు దిక్కు ఒక ఊరు, వీపనగండ్ల దిక్కు ఒక ఊరు, ఏటి అవతల గద్వాల దిక్కు ఇంకో ఊరు, మూడూ ఆ సమాధి మాదంటే మాదంటాయి. మూడూ మాకు గింజలు పెడతాయి. నిజం చెబితే రెండు ఊర్ల గింజలు పోతాయనే కదా ఈ దాపరికం అని నేనంటే తాత మొట్టికాయ వేసేవాడు. కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ చివరి ముక్క తరానికి ఒక్కడి దగ్గరే ఉండాలి. చిన్నరాజు దిగిన చోటని చెప్పే నిలువురాయి ఒకటి కృష్ణ ఒడ్డున ఉంది. దాని పక్కన కూర్చుని, ఇద్దరి తలల మీద ఒకే కంబళి కప్పుకుని, తన తర్వాతివాడి చెవిలో చెప్పాలి. ఒక్కసారే చెప్పాలి. చెప్పినవాడు ఆ రోజు నుంచి మళ్ళీ తంబూర ముట్టకూడదు.

మా ఇంట్లో రగడంతా ఈ ఆఖరి నియమం దగ్గరే వచ్చింది. తాతకు పాడటమంటే తిండి కన్నా ఎక్కువ. ఆయన తంబూర దించితేనే నాయన ఎత్తుకోవాలి. నాయన ఆయన పక్కన కూర్చుని గుమ్మెట వాయిస్తూ, తాత ప్రతి మాటకూ తందాన అంటూ, తలలో తెల్లవెంట్రుకలు తెచ్చుకున్నాడు. "ఎప్పుడిస్తవ్ నాయినా?" అని అడిగితే, "వచ్చే ఏడు సూద్దాం" అనేవాడు తాత. ఆ వచ్చే ఏడు రాలేదు. కరువొచ్చింది. ఊర్లు గింజలు పెట్టడం మానేశాయి. నాయన ఒకరోజు గుమ్మెటను దూలానికి తగిలించి, కూలీలను తోలుకుపోయే గుంపుమేస్త్రి వెంట బొంబాయి వెళ్ళిపోయాడు. తాత ఒంటరిగానే పాడుకుంటూ తిరిగాడు. ఆయన మొండితనం మీద నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా ఆయన గొంతెత్తితే చేతిలో పని వదిలేసి కూర్చునేదాన్ని. విని విని కథంతా నాకూ నోటికి వచ్చేసింది.

నేను వనపర్తిలో డిగ్రీ చదువుతున్నప్పుడు తాత గొంతు బొంగురు పోయింది. బీడీల వల్లేమో అనుకున్నాం. మెతుకు మింగలేని స్థితి వచ్చాక కర్నూలు దవాఖానకు తీసుకెళ్ళాను. గొంతులో పుండు, క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేస్తే బతుకుతాడు, మెడకు రంధ్రం పెడతాం, శ్వాస అక్కడి నుంచే తీసుకుంటాడు అన్నాడు డాక్టరు.

"పాడనీకి అయితదా సారూ?" అన్నాడు తాత.

"మాటే రాదు పెద్దాయనా."

తాత లేచి కండువా దులుపుకుని బయటికి నడిచాడు. బస్సులో నా చెవి దగ్గరికి వంగి, "నా తాన చిన్నరాజు ఉన్నడు బిడ్డా. ఆయన్ను ఒకరి చేతుల పెట్టకుంట గొంతు కోయించుకోను" అన్నాడు. నేను ఏడ్చాను, తిట్టాను, అవ్వ చేత తిట్టించాను. లాభం లేకపోయింది. అమ్మ పెబ్బేరు వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి బొంబాయికి ఫోన్ చేసింది.

నాయన వచ్చేసరికి తాత నోటికి చెవి ఆనిస్తే గానీ మాట అందడం లేదు. నాయన గడపలోనే నిలబడి అరిచాడు.

"ఇరవై ఏండ్లు అడుక్కున్న. అప్పుడు ఇయ్యబుద్ధి కాలే. ఇప్పుడు గొంతు పోతుంటే నేను యాదికొచ్చిన్నా?"

తాత తంబూర తెచ్చి నాయన కాళ్ళ దగ్గర పెట్టాడు. తండ్రి కొడుకు కాళ్ళ దాకా వంగడం చూడలేక అవ్వ పెరట్లోకి పోయింది. నాయన కూలబడిపోయాడు.

మరునాడు పొద్దున ఆటో మాట్లాడుకుని నిలువురాయికి పోయాం. ఇంకొకరు వినకూడదు కాబట్టి నేను డ్రైవరుతో బాట మీదే ఆగిపోయాను. దూరంగా రాయి పక్కన కంబళి, దాని కింద రెండు మూపులు కనిపించాయి. చాలాసేపటికి కంబళి తొలగింది. తాత లేచి, కొడుకు రెండు చెంపలూ పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నాయన మాత్రం ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. పెద్ద బరువే నెత్తికెత్తుకున్నాడు కదా అనుకున్నాను. ఆ వారంలోనే తాత పేచీ పెట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాడు.

ఆ తర్వాత తాత రెండేళ్ళు బతికాడు. మెడ చుట్టూ తెల్లబట్ట కట్టుకుని వాకిట్లో కూర్చునేవాడు. ఇంత శాంతంగా ఆయన్ను నేనెన్నడూ చూడలేదు. నాయన బొంబాయి మానేసి తంబూర పట్టుకున్నాడు. దగ్గరి ఊర్లలో నాయన పాడుతుంటే తాత ముందు వరుసలో కూర్చుని వేళ్ళతో తాళం వేసేవాడు. చిన్నరాజు గుర్రం దిగిన చోట కొడుకు వంక చూసి కనుబొమలు ఎగరేసేవాడు. ఆ తర్వాతి సంగతి మనిద్దరికే ఎరుక అన్నట్టు ఉండేది ఆ చూపు. నాయన తలదించుకుని తీగలు సవరించుకునేవాడు. తాత ఒక చలికాలం నిద్రలోనే పోయాడు.

నాయనకు నేనొక్కదాన్నే. తాత పోయిన మరుసటి ఏడు అడిగాను, నాకు ఇవ్వమని. చూద్దాం అన్నాడు. మళ్ళీ అడిగాను. మాట మార్చాడు. తాత పోలికే వచ్చిందని మండిపడ్డాను. ఒకరోజు నాయన వెంట వీపనగండ్లలో కథ చెప్పి వస్తూ, బస్సు కోసం రోడ్డు పక్క రాళ్ళ మీద కూర్చున్నప్పుడు ఇక ఊరుకోలేకపోయాను.

"ఆడపిల్లననే కదా నాయినా? మొగపిల్లగాడైతే ఎప్పుడో ఇచ్చేటోనివి."

నాయన నా వైపు చూడలేదు.

"ఇయ్యనీకి నా తాన ఏముంది బిడ్డా?"

నాకు అర్థం కాలేదు.

"కంబళి కింద మొదట రెండు మాటలు అందినయి. ఆడికెళ్ళి వట్టి గాలే. పెదాలు కదులుతనే ఉన్నయి. కండ్లెంబడి నీళ్ళు కారుతున్నయి. కథంత చెప్పిండు, నాకు ఒక్క ముక్క ఇనరాలే. చెప్పుడయినంక నా చెయ్యి పట్టుకొని మొకం దిక్కు చూసిండు, ఇన్నవా అన్నట్టు."

"నువ్వేమన్నవ్?"

"ఇన్న అన్న."

"మల్ల చెప్పమనకపోతివా!" గట్టిగానే అరిచాను. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు తిరిగి చూశారు.

"యాడి గొంతుతోని చెప్తడు? ఇనరాలే అంటే కర్నూలుకు వస్తుండెనా? ఆ రాయి కాడనే కూసొని సచ్చిపోతుండె."

నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, కోపమే వచ్చింది. చిన్నరాజును ఎవరు చంపారో, ఏ మట్టిలో ఉన్నాడో ఇక ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఎన్ని తరాలు చెవి నుంచి చెవికి మోసుకొచ్చారో, అదంతా నేను ఆటో పక్కన నిలబడి చూస్తుండగానే గాలిలో కలిసిపోయింది. తాతకు ఆ సంగతి తెలియనే తెలియదు. నాయన దాన్ని కడుపులో పెట్టుకుని ఇన్నేళ్ళూ ఊరూరా తిరిగి పాడాడు.

నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"రెండేండ్లు బతికిండు గద బిడ్డా?" అన్నాడు.

"బతికిండు నాయినా" అన్నాను.