ఆపడం రేపటి పాఠం

ఆ రోజుల్లో నేను గొప్ప గురువునని నాకు గట్టి నమ్మకం. అప్పటికి ఒక్క శిష్యుడు కూడా లేడు కాబట్టి ఆ నమ్మకానికి అడ్డేమీ ఉండేది కాదు. గోవాలో ఒక హోటల్లో పనిచేస్తూ వింగ్ ఫాయిల్ నేర్చుకుని, కిషన్‌బాగ్‌లోని మా ఇంటికి తిరిగొచ్చాను. చేతుల్లో గాలి నింపిన పెద్ద రెక్క, కాళ్ళ కింద పలక, ఆ పలక అడుగున నీళ్ళలో మునిగి ఉండే చిన్న లోహపు రెక్క. వేగం అందుకుంటే పలక నీటిని వదిలి మూరెడు పైకి లేచి, చప్పుడు లేకుండా దూసుకుపోతుంది. ఇదంతా అమ్మకు వంటింట్లో చాట పట్టుకుని, పీట మీద నిలబడి చేసి చూపించాను. "గాలి పట్టుకొని నీళ్ల మీద ఉరుకుడు గూడ నౌకరేనారా?" అంది అమ్మ. (చాట మాత్రం వెంటనే లాక్కుంది.)

నగరం బయట పెద్ద చెరువు ఒడ్డున కొత్తగా పెట్టిన శిక్షణ కేంద్రంలో ఉద్యోగం దొరికింది. మొదటి బ్యాచ్‌లో అంతా కాలేజీ పిల్లలే. వాళ్ళలో ఉస్మాన్‌గంజ్ మిర్చి వ్యాపారి కూతురు ఒకమ్మాయి. వాళ్ళ బాపును అందరూ సేట్ అనేవారు. మొదటి రోజే గొడుగు పట్టుకుని ఒడ్డున కుర్చీ వేయించుకున్నాడు. "తమ్మీ, నా బిడ్డకు జర్రంత భయమైనా రేపటి సంది రానియ్య. ఆమెను చూసి వచ్చిన దోస్తులు గూడ రారు" అన్నాడు. అంటే నా బ్యాచ్ మొత్తం ఆ ఒక్క అమ్మాయి మీదే ఆధారపడి ఉందన్నమాట. "ఫికర్ చెయ్యకుండ్రి సేట్" అన్నాను.

నేర్పించాను. మోకాళ్ళ మీద కూర్చోవడం, లేచి నిలబడడం, రెక్కలోకి గాలి పట్టడం. మొదటి రోజు ఎవరూ పైకి లేవరు కదా, లేచినవాళ్ళకు చెప్పాల్సింది తర్వాత చెప్పవచ్చనుకున్నాను. అంతలో గాలి ఊపందుకుంది. సేట్ గొడుగు తిరగబడింది. ఆ అమ్మాయి లేచి నిలబడింది. పలక నీటిని వదిలి లేచింది. పిల్లలంతా ఒకటే చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే. ఆమె అలాగే పోయింది, పోయింది, చిన్నదైపోయింది.

"మస్తుగ పోతుంది గనీ, మళ్లెట్ల ఆగుతది తమ్మీ?" అన్నాడు సేట్.

"అది రేపటి పాఠం, సేట్."

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. చెరువు మలుపులో ఆమె కనబడకుండా పోయింది. లైఫ్ జాకెట్ వేసుకుంది, తలకు హెల్మెట్ ఉంది అని నాకు నేనే చెప్పుకుంటూ మోటారు పడవలోకి దూకాను. జీవితంలో ఎన్నడూ పడవెక్కని సేట్ కూడా నా వెనకే దూకి, నా చొక్కా కాలర్ పట్టుకున్నాడు. (పడిపోకుండా పట్టుకున్నాడో, నేను పారిపోకుండా పట్టుకున్నాడో ఇప్పటికీ తెలియదు.) దారంతా నేను తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను.

మలుపు తిరగగానే కనబడింది. నడుము లోతు నీళ్ళలో, బర్రెల మధ్య, పలక మీద కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, "అన్నా! రెక్క ఇడిచిపెడితే దానంతట అదే ఆగుతుంది. గింత అల్కగనేనా?" అని అరిచింది. నేను పడవలోనే కూలబడ్డాను. సేట్ కాలర్ వదిలాడు. కళ్ళు తుడుచుకుని, పడవ ఊగిపోయేలా నవ్వాడు. "ఇంక రేపేం చెప్తవ్ తమ్మీ? నీ పాఠం గూడ నా బిడ్డనే నేర్చుకుంది" అన్నాడు. రేపు అన్నాడు! ఆ ఒక్క మాటకు నా ప్రాణం లేచొచ్చింది.

మొన్న అఫ్జల్‌గంజ్‌లో సుడిగాలికి ఒక తోపుడుబండి మీది పట్టా రెపరెపలాడుతుంటే, అది ఏ కోణంలో గాలిని పట్టుకుంటోందా అని చూస్తూ నిలబడిపోయాను. "రస్తా భూల్ గయే క్యా భాయ్?" అన్నాడు బండివాడు, నేను దారి మర్చిపోయాననుకుని. లేదన్నాను. జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చినా, గాలి వీస్తే పని మర్చిపోయే ఈ మనిషిని చూసుకుని నాకే నవ్వొచ్చింది.